పీజ్ టవర్: చిన్న ట్రాన్స్‌మిటర్ వేరు, చిన్న స్టేషన్ వేరు

1984 నుంచి మన జిల్లా పట్టణాల చివర ఎర్రటి, తెల్లటి పట్టీలు వేసిన ఇనుప టవర్లు ఒక్కొక్కటే లేచాయి. జనం వాటిని ‘టీవీ స్టేషన్’ అన్నారు. అక్కడ కెమెరా లేదు, స్టూడియో లేదు, మైకు ముందు కూర్చునే మనిషి లేడు. ఉపగ్రహం మీదుగా ఢిల్లీ నుంచి దిగిన బొమ్మను పట్టి చుట్టుపక్కలకు మళ్లీ వదిలే యంత్రం ఒక్కటే ఉండేది. దాని అసలు పేరు రిలే కేంద్రం. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1975లో, గుజరాత్‌లోని ఖేడా జిల్లా పీజ్ గ్రామంలో ఇంకో టవరు నిలిచింది. దాని పవరూ తక్కువే, 1 కిలోవాట్. కానీ అది నిజంగా స్టేషనే. ఆ జిల్లా రైతులకు, కూలీలకు వాళ్ల గుజరాతీలో, వాళ్ల ఊళ్లలోనే తీసిన కార్యక్రమాలు రోజూ సాయంత్రం అక్కడి నుంచి వెలువడేవి.

ఈ రెండు రకాల టవర్లనూ ఒకే గాటన కట్టేయడంతో ‘స్థానిక టీవీ’ అనే మాట మన దేశంలో అర్థం కోల్పోయింది. పీజ్ ఎందుకు నిలబడింది, అంత పేరు తెచ్చుకున్నాక కూడా 1985లో ఎందుకు ఆగింది అన్న ప్రశ్నలకు జవాబు కూడా ఈ గందరగోళంలోనే ఉంది. ముందు వాట్ల లెక్కతో మొదలుపెట్టాలి. అది తేలితే మిగతా చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

వాట్లు ఎంత దూరం పోతాయి

దూరదర్శన్ వాడుకలో 10 వాట్లది అతి తక్కువ పవర్ ట్రాన్స్‌మిటర్, 100 వాట్లది తక్కువ పవర్, 10 కిలోవాట్లది ఎక్కువ పవర్. తర్వాతి కాలపు ప్రభుత్వ పట్టికల్లో 1 కిలోవాట్‌ను కూడా ఎక్కువ పవర్ కిందే వేశారు గానీ, 1975లో మహానగరాల ట్రాన్స్‌మిటర్ల పక్కన అది చిన్నదే. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మన దేశపు టీవీ మొదలైంది కూడా 500 వాట్లతోనే.

టీవీకి వాడే వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు వెలుతురులా తిన్నగా పోతాయి. భూమి వంపు తిరిగి ఉంది కాబట్టి ఒక దూరం దాటాక అవి నేలను వదిలేసి ఆకాశంలోకి వెళ్లిపోతాయి. ఆ హద్దు ఎక్కడో తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 100 మీటర్ల టవరుకు 41 కిలోమీటర్లు. ఊళ్లో టీవీ యాంటెన్నాను 9 మీటర్ల గొట్టం మీద పెడితే దాని వైపు నుంచి మరో 12. రెండూ కలిపి 53 కిలోమీటర్లు. ఆ గీత దాటాక ట్రాన్స్‌మిటర్‌కు ఎంత పవర్ ఎక్కించినా దక్కేది కొంచెమే.

గీతకు లోపల కూడా పవర్ మనం అనుకున్నట్టు పనిచేయదు. టవరు నుంచి తిన్నగా వచ్చే తరంగం ఒకటి, నేల మీద పడి ఎగిరి వచ్చేది ఇంకొకటి, రెండూ యాంటెన్నా దగ్గర కలుస్తాయి. నేల మీద పడినది తిరగబడి వస్తుంది కాబట్టి మొదటిదాన్ని చాలావరకు కొట్టేస్తుంది. దాంతో దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. గీత ఇంకా దూరాన పడేంత ఎత్తైన టవరు ఉన్నచోట 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ 20 కిలోమీటర్ల దాకా బాగా కనిపిస్తోందనుకుందాం. అదే టవరు మీద 1 కిలోవాట్ పెడితే 36 కిలోమీటర్లు వస్తాయి, 10 కిలోవాట్లు పెడితే 63. పవర్ వంద రెట్లు పెరిగింది, దూరం మూడు రెట్లు దాటింది అంతే. వైశాల్యం లెక్కన చూస్తే పది రెట్లు. అంటే ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్ వాడే పవర్‌తో వంద చిన్నవి నడపొచ్చు, అవి దాని కంటే పది రెట్లు ఎక్కువ నేలను కప్పుతాయి. కాగితం మీద చిన్నవాటిదే గెలుపు. అసలు ఖర్చు వాట్లలో ఉండదు. వంద చోట్ల స్థలం, కరెంటు, మనుషులు, జనరేటర్లు, వంద చోట్లకూ బొమ్మను చేర్చే దారి, వీటిలో ఉంటుంది.

ఈ లెక్కలోంచే ఇంకో పనికొచ్చే సంగతి బయటపడుతుంది. యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే, అటు టవరుదైనా ఇటు ఇంటిమీదిదైనా, పవర్ నాలుగు రెట్లు పెంచినంత ఫలితం ఉంటుంది. పొలిమేర ఊళ్లలో మెకానిక్కులు టీవీ సెట్టును ముట్టుకోకుండా ముందు గొట్టానికి గొట్టం అతికించి యాంటెన్నాను పైకి లేపడం వెనకున్న శాస్త్రం ఇదే.

పవర్ పెంచినా తగ్గనిది దెయ్యపు బొమ్మ. కొండకో నీళ్ల ట్యాంకుకో తగిలి ఆలస్యంగా వచ్చే తరంగం అసలు బొమ్మకు కుడివైపున రెండో బొమ్మను వేస్తుంది. మన 625 గీతల పద్ధతిలో ఒక్కో గీత కనిపించే భాగం 52 మైక్రోసెకన్లు. 20 అంగుళాల సెట్టు తెర వెడల్పు సుమారు 41 సెంటీమీటర్లు. అంటే మైక్రోసెకనుకు 8 మిల్లీమీటర్లు. రెండో బొమ్మ 8 మిల్లీమీటర్ల పక్కన పడిందంటే ఆ తరంగం 300 మీటర్లు చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. స్కేలుతో తెర మీద కొలిచి, అడ్డుపడుతున్నది ఏ గుట్టో ఊహించవచ్చు. దీనికి బూస్టరు పెడితే అసలు బొమ్మతోపాటు దెయ్యం కూడా పెరుగుతుంది. యాంటెన్నాను కొన్ని డిగ్రీలు పక్కకు తిప్పి, గుట్ట వైపు నుంచి వచ్చేది దానికి అందకుండా చేయడమే మందు.

పీజ్ ఎలా పుట్టింది

అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ 1960ల చివర్లో పట్టుబట్టిన ఆలోచన ఏమిటంటే, టీవీ నగరాల్లో మొదలై పల్లెకు పాకనక్కర్లేదు, ముందే పల్లెకు పోవచ్చు అని. 1969 సెప్టెంబర్‌లో మన అణుశక్తి శాఖ, నాసా ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ అందించే ప్రయోగానికి ఒప్పందం చేసుకున్నాయి. 1971 డిసెంబర్ 30న సారాభాయ్ కన్నుమూశారు. ఆ ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఏడాది నడిచింది. దాని పేరు సైట్ (ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం). నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు రోజుకు నాలుగు గంటల కార్యక్రమాలు వెళ్లాయి. ఒకే బొమ్మకు రెండు భాషల మాట జోడించి పంపే వీలుండేది. ఆ ఊళ్లలో పెట్టిన సెట్లు మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో తయారైనవే. కార్యక్రమాలు తీయడానికి ఏర్పాటైన మూడు కేంద్రాల్లో ఢిల్లీ, కటక్‌తోపాటు హైదరాబాద్ కూడా ఉంది.

ఖేడా ఈ ఆరు రాష్ట్రాల జాబితాలో లేదు. అక్కడ వేరే ప్రయోగం చేశారు, నా అంచనాలో అదే ఎక్కువ విలువైనది. సైట్ ఊళ్లలో ప్రతి సెట్టుకూ కోళ్ల గూళ్లకు వాడే జాలీతో చేసిన 3 మీటర్ల గొడుగు యాంటెన్నా కావాలి. ఉపగ్రహం 860 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎం పద్ధతిలో పంపేది, మామూలు టీవీకి అది అర్థం కాదు కాబట్టి ముందు ఒక కన్వర్టరు డబ్బా కూడా కావాలి. ఖేడాలో ఆ బాధ లేదు. నడియాద్ దగ్గరి పీజ్‌లో 1 కిలోవాట్ వీహెచ్ఎఫ్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అహ్మదాబాద్‌లో ఇస్రో వారి స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ స్టూడియో నుంచి మైక్రోవేవ్ లింకు మీద బొమ్మ అక్కడికి చేరేది. ఊళ్లో ఉండాల్సింది మామూలు టీవీ, మామూలు చువ్వల యాంటెన్నా. 1976 జులై 31న అమెరికా ఉపగ్రహం గడువు తీరగానే 2,400 ఊళ్ల సెట్లకు బొమ్మ రావడం ఆగిపోయింది. పీజ్ మాత్రం ఆగలేదు. దానికి ఆకాశంతో పని లేదు.

అహ్మదాబాద్‌కు 50 కిలోమీటర్ల దూరం కావడం ఖేడాను ఎంచుకోవడానికి ఒక కారణం. రెండోది, ఆనంద్ కేంద్రంగా అమూల్ పాల సంఘాలు పుట్టిన జిల్లా అది. ఊరూరా ఒక సంఘం, దానికో గది, ఉదయం సాయంత్రం పాలు పోయడానికి అన్ని కులాల మనుషులూ అక్కడికి రావడం, ఇవన్నీ అప్పటికే ఉన్నాయి. సామూహిక టీవీకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. జిల్లాలో 400కు పైగా ఊళ్లలో సుమారు 600 సామూహిక సెట్లు పెట్టారు.

సామూహిక సెట్టు మంచీచెడ్డా

వంద మంది ఒకే తెర ముందు కూర్చునే టీవీని ఇంటి టీవీలా చూడకూడదు. 24 అంగుళాల సెట్టు తెర ఎత్తు 36 సెంటీమీటర్లు. అయిదు మీటర్ల దూరాన కూర్చున్నవాడికి అది పోస్టుకార్డంత. చిన్న అక్షరాలు, దూరపు షాట్లు వాళ్ల దాకా చేరవు. గొడ్డుకు సూది వేసే పద్ధతి చూపించాలంటే సూది, చర్మం, వేలు తెర నిండా కనపడాలి. ఆరుబయట మాట వినపడటం బొమ్మ కనపడటం కంటే కష్టం. పల్లె కార్యక్రమంలో నేపథ్య సంగీతం పెంచితే వెనక వరుస వాళ్లకు మాట పోయినట్టే.

ఆ కాలపు సెట్లలో మొదట పోయేది పిక్చర్ ట్యూబు కాదు. సాయంత్రం ఆరింటికి పల్లెలో మోటార్లన్నీ ఆగినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది, ఫ్యూజు కాలుతుంది, దాన్ని రాగి తీగతో కట్టేస్తే ఈసారి పవర్ సప్లై కాలుతుంది. చానల్ మార్చే ట్యూనరులో తిరిగే కాంటాక్టులకు దుమ్ము, చెమ్మ పట్టి బొమ్మ మినుకుతుంది. స్పిరిటుతో తుడిస్తే వారం రోజులు బాగుంటుంది. అన్నిటికంటే తరచుగా తెగేది యాంటెన్నా నుంచి దిగే 300 ఓముల పట్టీ తీగ. గాలికి కొట్టుకుని సరిగ్గా డైపోల్ (తీగ తగిలించే ముఖ్య చువ్వ) కింది స్క్రూ దగ్గర లోపల తెగుతుంది, పైన ప్లాస్టిక్ బాగానే ఉంటుంది కాబట్టి కనిపించదు. ఒక తీగ తెగినా దగ్గరి ఊళ్లో మసక బొమ్మ వస్తూనే ఉంటుంది, అందుకే ట్రాన్స్‌మిటర్ బాగాలేదని అందరూ నమ్మేస్తారు. తీగను గొట్టానికి అడుగడుగునా కట్టి, స్క్రూ దగ్గర కాస్త వదులు ఉంచితే ఈ జబ్బు రాదు.

యాంటెన్నా చువ్వ పొడవు కూడా ఇష్టం వచ్చినంత కాదు. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగించి, సగం చేసి, 0.95తో గుణించాలి. నాలుగో చానల్ బొమ్మ 62.25 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, దానికి డైపోల్ 2.29 మీటర్లు. తొమ్మిదో చానల్‌ది 203.25, దానికి 70 సెంటీమీటర్లు చాలు. ఒకదానికి చేసిన యాంటెన్నా ఇంకోదానికి పెట్టి, బొమ్మ రాలేదని స్టేషన్‌ను తిట్టుకున్న ఊళ్లకు లెక్కలేదు.

ఇవన్నీ స్క్రూడ్రైవరుతో తీరేవి. తీరనిది తాళం చెవి. సామూహిక సెట్టు ఒక పెట్టెలో, ఆ పెట్టె ఒక గదిలో, ఆ గది ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి ఇంటి వాకిట్లోకి దళిత వాడ వాళ్లు రాలేకపోతే, ఆడవాళ్లు మగవాళ్ల మధ్య కూర్చోలేకపోతే, సెట్టు బ్రహ్మాండంగా పనిచేస్తున్నా ఆ ఊరికి టీవీ లేనట్టే. పాల సంఘం గది ఈ విషయంలో పెద్ద మనిషి ఇంటికంటే మెరుగు. అక్కడికి రావడానికి ప్రతివాళ్లకూ ఒక పని ఉంది.

స్టేషన్‌ను స్టేషన్ చేసిన పని

ఖేడాలో రోజూ సాయంత్రం సుమారు గంట సేపు ఆ జిల్లా కోసమే ప్రసారం ఉండేది. ప్రకటనలు లేవు. పంటలు, పశువైద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ లాంటివి ఎవరైనా చూపిస్తారు. ఖేడా బృందం అక్కడితో ఆగలేదు. అంటరానితనం, వ్యవసాయ కూలీకి చట్టం చెప్పిన కనీస వేతనం అందకపోవడం, తాగుడు, వరకట్నం, ఇవీ నాటకాలుగా, బొమ్మలాటలుగా, ఊరివాళ్ల మాటలుగా తెర మీదికి వచ్చాయి. ఊరివాళ్లే నటించారు, కొన్నిటికి కథ అల్లడంలోనూ పాలుపంచుకున్నారు.

దీనికి వెనక ఒక పద్ధతి ఉంది. కార్యక్రమం తీయకముందే పరిశోధకులు ఊళ్లకు వెళ్లి, ఆ విషయం మీద జనానికి ఏం తెలుసో, ఏ మాట వాడతారో, ఎక్కడ నమ్మకం అడ్డొస్తుందో రాసుకొచ్చేవాళ్లు. ముసాయిదా తయారయ్యాక కొద్దిమందికి చూపించి చూసేవాళ్లు. ప్రసారమయ్యాక మళ్లీ వెళ్లి అడిగేవాళ్లు. ఇది పని చేయాలంటే తీసే మనిషికీ చూసే మనిషికీ మధ్య దూరం ఒక జీపు ప్రయాణం కావాలి. రేంజి 35 కిలోమీటర్లు కావడం ఇక్కడ లోపం కాదు, బలం. ఒకే నేల, ఒకే పొగాకు, ఒకే యాస, ఒకే పాల సంఘం ఉన్నవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు కూలీ రేటు గురించి ‘కొన్ని ప్రాంతాల్లో’ అంటూ నసగక్కర్లేదు. మీ జిల్లాలో ఇంత రావాలి, ఇంతే ఇస్తున్నారు అని అంకె చెప్పొచ్చు. దేశమంతటికీ కలిపి తీసే కార్యక్రమం ఆ అంకె చెప్పలేదు.

1980ల నడుమ ఈ ప్రాజెక్టుకు గ్రామీణ ప్రసారాలకు ఇచ్చే యునెస్కో-ఐపీడీసీ (యునెస్కో వారి సమాచార ప్రసార అభివృద్ధి కార్యక్రమం) పురస్కారం దక్కింది. ప్రపంచ దేశాల ప్రసార పాఠాల్లో ఖేడా ఒక అధ్యాయమైంది. ఆ తర్వాత కొద్ది కాలానికే, 1985లో, పీజ్ ట్రాన్స్‌మిటర్‌ను విప్పేశారు.

ఎందుకు విప్పారు

దీనికి కుట్ర వెతకాల్సిన పని లేదు. వాట్ల లెక్కలోనే జవాబుంది, అందుకే అది ఎక్కువ బాధ కలిగిస్తుంది. అహ్మదాబాద్‌లో ఎక్కువ పవర్ ట్రాన్స్‌మిటర్ వచ్చాక ఖేడా దాని పరిధిలోకి వచ్చేసింది. ఇంజనీరు పటంలో గీసిన వృత్తాల్లో చిన్న వృత్తం పెద్ద వృత్తం లోపల పడింది. ఒకే నేల మీద రెండు ట్రాన్స్‌మిటర్లు దండగ అన్నది ఆ పటం చెప్పే మాట. మద్రాసులో రెండో చానల్‌కు యంత్రం అవసరమైంది, పీజ్ యంత్రం అక్కడికి తరలిపోయింది. ఊళ్లవాళ్లు అడ్డుచెప్పారు, ఫలితం లేకపోయింది.

ఆ పటం వృత్తంలో ఎన్ని వాట్లు పడుతున్నాయో చూపిస్తుంది, ఆ వాట్ల మీద ఎవరి మాట ఎక్కి వస్తోందో చూపించదు. పీజ్ కప్పిన నేలను అహ్మదాబాద్ కప్పింది, నిజమే. కానీ పీజ్ కార్యక్రమాలను పెద్ద ట్రాన్స్‌మిటర్ మీద వేస్తే అవి ఖేడాకు సంబంధం లేని లక్షల మందికీ వెళ్తాయి, వాళ్ల కోసం కూలీ రేటు అంకెను తీసేయాలి, యాసను సాపు చేయాలి, సాయంత్రం గంటను నగర ప్రేక్షకుడితో పంచుకోవాలి. యంత్రం పోవడంతో స్టేషన్‌కు సొంతంగా ఉన్న ఒకే ఒక్కటి పోయింది. అది చానల్. సొంత చానల్ లేని స్టూడియో వేరేవాళ్ల సమయం కోసం అడుక్కోవాల్సిందే.

అమెరికాలో ఈ తేడాను నిబంధనల్లోనే రాసుకున్నారు. పెద్ద స్టేషన్ బొమ్మను కొండ వెనక ఊరికి తిరిగి వదిలేదాన్ని అక్కడ ట్రాన్స్‌లేటర్ అంటారు. 1982లో వారి ప్రసారాల కమిషన్ తక్కువ పవర్ టీవీ అనే కొత్త తరగతి తెచ్చింది. యంత్రం దాదాపు అదే, సొంత కార్యక్రమాలు వేసుకునే హక్కు మాత్రం కొత్తది. మన దగ్గర అలాంటి తరగతి పెట్టనే లేదు. పీజ్ ఒక ప్రయోగంగా బతికింది కాబట్టి ప్రయోగంగానే ముగిసింది. దాన్ని కాపాడే లైసెన్సు తరగతి ఏదీ లేదు.

1984లో జరిగింది

1982 ఆగస్టు 15న రంగుల టీవీ వచ్చింది. మన ఉపగ్రహం ఇన్సాట్-1ఏ ఆ ఏడాదే చెడిపోయింది. 1983 ఆగస్టులో ఛాలెంజర్ షటిల్ మీద వెళ్లిన ఇన్సాట్-1బీ నిలదొక్కుకుంది. 1984లో కొన్ని నెలల పాటు రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు తెరిచారు, చాలావరకు 100 వాట్లవి. ఇంజనీరింగ్ పరంగా అది నిజంగా ఘనకార్యం. పైన చెప్పుకున్న లెక్క ప్రకారం దేశాన్ని త్వరగా కప్పడానికి అంతకంటే తెలివైన దారి లేదు.

ఆ రిలే గదిలో ఏముంటుందంటే, బయట గొడుగు యాంటెన్నా, లోపల ఉపగ్రహ రిసీవరు, దాని నుంచి వచ్చిన బొమ్మను 38.9 మెగాహెర్ట్జ్ మీద, మాటను 33.4 మీద ఎక్కించే ఎక్సైటరు, వాటిని ఆ ఊరి చానల్‌కు మార్చే మిక్సరు, చివర 100 వాట్ల ఆంప్లిఫయరు. మాటకు బొమ్మ పవర్‌లో పదో వంతు. అక్కడి నుంచి లావుపాటి కేబులు టవరు పైకి. పక్కన వోల్టేజి స్టెబిలైజరు, డీజిల్ జనరేటరు.

చెడిపోయే తీరు కూడా అన్నిచోట్లా ఒకటే. వానాకాలంలో టవరు మీది కేబుల్ జాయింటులోకి నీళ్లు దిగుతాయి. పంపిన పవర్ యాంటెన్నాలోకి పోకుండా వెనక్కి తంతుంది. ఇలా వెనక్కి వచ్చేదాన్ని కొలిచే స్టాండింగ్ వేవ్ నిష్పత్తి 1.1 ఉన్నప్పుడు వచ్చేది నూటికి పావు కూడా ఉండదు, లెక్కలోకి రాదు. అది 1.5 అయితే నూటికి 4, 2 అయితే 11. 100 వాట్లలో 11 వాట్లు తిరిగొచ్చి ట్రాన్సిస్టర్లను వేడెక్కిస్తే రక్షణ సర్క్యూటు పవర్ తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. ఎండ రాగానే జాయింటు ఆరి మళ్లీ బాగవుతుంది, అందుకని ఎవరూ టవరెక్కరు. తర్వాతి వానకు లోపలి రాగి పచ్చబడి ఉంటుంది. జాయింటును విప్పి, ఆరబెట్టి, స్వయంగా అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడు పై చుట్టు అంచు కింది చుట్టును కప్పి నీళ్లు జారిపోతాయి. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా ఒక దొప్ప.

ఏటా మార్చి, అక్టోబరు ప్రాంతంలో కొన్ని రోజులు, రోజూ ఒకే వేళకు, కొన్ని నిమిషాలు బొమ్మ నిండా చీమలు నిండేవి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి గొడుగులోకి చూడటమే దీనికి కారణం, దీనికి మరమ్మతు లేదు. వేసవి సాయంత్రాల్లో తీరప్రాంతంలో గాలి పొరలు తరంగాలను వంచి వందల కిలోమీటర్లు మోసుకొస్తే, అదే చానల్ మీదున్న ఇంకో ఊరి బొమ్మ అడ్డ చారలుగా పడేది. ఒకే చానల్ వాడే కేంద్రాల తరంగాలను 10.4 కిలోహెర్ట్జ్ ఎడంగా, అంటే గీత పౌనఃపున్యంలో (సెకనుకు తెర మీద గీసే గీతల సంఖ్యలో) మూడింట రెండు వంతుల దూరంలో ఉంచితే ఆ చారలు సన్నబడి కంటికి ఆనవు. అంత జాగ్రత్తగా యంత్రాలను అమర్చారు.

అన్నీ ఉన్న ఆ గదిలో లేనిది ఒకటే. ఎక్సైటరు వెనక వీడియో తీగ పెట్టుకునే చోటు ఉంటుంది. అక్కడ ఉపగ్రహ రిసీవరు బదులు ఒక కెమెరాను తగిలిస్తే ఆ రిలే కేంద్రం ఆ క్షణం నుంచి స్టేషన్ అయిపోతుంది. యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు. తెలుగు పట్టణాల్లో వందల సాయంత్రాలు హిందీ వార్తలు మోసిన ఆ తీగ ఒక్క రోజైనా ఆ మండలం మార్కెట్ యార్డు ధర మోయలేదు.

తెలుగు నేల మీద

సైట్ ముగిశాక ఆ ఊళ్లలో కొన్నిటినైనా నిలుపుకోవాలని ఆరు చోట్ల భూమ్మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. జైపూర్, రాయపూర్, గుల్బర్గా, సంబల్‌పూర్, ముజఫర్‌పూర్‌తోపాటు హైదరాబాద్. 1977 అక్టోబర్ 23న మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం అలా ఒక గ్రామీణ ప్రయోగం కొనసాగింపుగా పుట్టింది. తర్వాత అది రాష్ట్రమంతటి కేంద్రమైంది. దానివల్ల తెలుగుకు ఎంతో మేలు జరిగింది. అయితే 400 ఊళ్ల స్టేషన్ చేసే పని రాష్ట్ర కేంద్రం చేయలేదు, చేయాలని ఆశించడం కూడా సబబు కాదు.

ఆ ఖాళీని 1990ల నుంచి కేబుల్ ఆపరేటర్లు నింపారు. పట్టణంలో సొంత లోకల్ చానల్, ఊరి జాతర, మున్సిపాలిటీ గొడవ, ఎస్సెస్సీ ఫలితాలు. తీగ కాబట్టి ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు, తీగ కాబట్టే తీగ పోని తండాకు అది లేదు.

100 వాట్ల రిలే కేంద్రాలు ఇప్పుడు చాలావరకు మూతపడ్డాయి. భద్రతా కారణాలు ఉన్న సుమారు 50 చోట్ల తప్ప మిగతా అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. ఇంటిమీది చిన్న గొడుగుకు ఉపగ్రహమే నేరుగా బొమ్మ ఇస్తున్నప్పుడు రిలేకు పని లేదు. పీజ్‌ను విప్పిన లెక్కే చివరికి వాటినీ విప్పింది.

స్థానిక స్టేషన్‌కు లైసెన్సు తరగతి మన దేశంలో వచ్చింది గానీ, టీవీకి కాదు, రేడియోకు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2006 మార్గదర్శకాల్లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు కల్పించారు. యాంటెన్నా నుంచి వెలువడే పవర్ మామూలుగా 100 వాట్లు మించకూడదు, యాంటెన్నా 30 మీటర్లు మించకూడదు. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గరి మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ‘సంఘం రేడియో’ ఆ హద్దుల్లోనే గాలిలోకి వచ్చింది. లైసెన్సు లేని ఏళ్లలో వాళ్లు రికార్డు చేసి క్యాసెట్లుగా సంఘాల్లో వినిపించేవాళ్లు. అంటే స్టూడియో ముందు వచ్చింది, గొంతు ముందు వచ్చింది, ట్రాన్స్‌మిటర్ చివర వచ్చింది. 30 మీటర్ల టవరుకు 4.12 లెక్క వేస్తే 22 కిలోమీటర్లు దాటుతుంది. మెట్ట చేలల్లో కొర్రలు, జొన్నలు, పప్పులు కలిపి విత్తే ఆ పల్లెలన్నీ చాలావరకు అంతలోనే ఉన్నాయి.